పీసీ గేమ్‌లకు టీవీని 120 హెర్ట్జ్‌లో నడపడం ఎలా?

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీ నుంచి గ్రాఫిక్స్ కార్డు తెచ్చుకుని, నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో హాల్లో ఉన్న టీవీకే పీసీని కలిపారనుకుందాం. కార్డుకు దమ్మున్నా స్క్రీన్ 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారడం, దాటదు. కొత్త కేబుల్ కొనడానికి పరుగెత్తకండి, ముందు ఇవి వరుసగా చూడండి.

1. అసలు ప్యానెల్ ఎంత? షాపులో "అన్నా, దీంట్ల 240 ఉంది" అంటే నమ్మి డబ్బు పెట్టొద్దు. మోషన్ రేట్ పేరుతో వేసే అంకె ప్రచారం కోసమే. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి, నేటివ్ రిఫ్రెష్ రేట్ (ప్యానెల్ నిజంగా చేరగల హెర్ట్జ్) చూడండి. అక్కడ 60 ఉంటే ఏ సెట్టింగూ దాన్ని నిజమైన 120 చేయలేదు.

2. పోర్టు. ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే. హెచ్‌డీఎంఐ 2.0 సెకనుకు 18 గిగాబిట్లే మోస్తుంది, 4కేలో 60 దగ్గరే దాని పని అయిపోతుంది. 4కేలో 120 కావాలంటే 2.1 ఉండాలి, దాని గరిష్ఠ సామర్థ్యం 48 గిగాబిట్లు. కార్డు వైపు ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 30 సిరీస్, ఏఎండీ ఆర్‌ఎక్స్ 6000 సిరీస్ నుంచి అది ఉంది. టీవీకి నాలుగు పోర్టులున్నా చాలా మోడళ్లలో రెండే 2.1 రకం, అందులో ఒకటి సౌండ్‌బార్‌కు పెట్టే ఈఆర్క్ పోర్టే అయి ఉంటుంది. టీవీ వెనక టార్చ్ వేసి చూడండి, పోర్టు పక్కన '4కే 120' అని ముద్రించి ఉంటే వైరు దానికే పెట్టాలి. రెండో కొస మదర్‌బోర్డుకు కాదు, గ్రాఫిక్స్ కార్డుకే.

3. కేబుల్. 4కే 120కి 'అల్ట్రా హై స్పీడ్' లేబుల్, దానిపై స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ ఉన్నది తీసుకోండి. వైరు మీద 8కే అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు.

4. టీవీ సెట్టింగ్. శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ డీప్ కలర్, సోనీలో హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్. పీసీ పెట్టిన పోర్టుకే దీన్ని మార్చాలి. ఆ తర్వాత గేమ్ మోడ్.

5. విండోస్. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 120 ఎంచుకోండి. కనిపించకపోతే రిజల్యూషన్ తగ్గించండి. 1080పీ, 1440పీల్లో 120 అయితే 2.0 కూడా మోయగలదు, టీవీ ఒప్పుకోవాలంతే. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో అల్ట్రా హెచ్‌డీ వరుస కింద 'పీసీ' అని ఇంకో వరుస ఉంటుంది, 1920×1080 అక్కడిది తీసుకోండి. నా మాట అడిగితే, వేగంగా కాల్చుకునే ఆటల్లో 4కే 60 కన్నా 1080పీ 120 ఎంతో మేలు. గురి పెట్టేటప్పుడు చేతికే తేడా తెలుస్తుంది.

అక్షరాల అంచులు మసకబారి రంగులు చిమ్మినట్టుంటే కలర్ ఫార్మాట్ 4:2:0కి (రంగుల వివరాలు తగ్గించి పంపే పద్ధతి) పడిపోయిందని అర్థం. గ్రాఫిక్స్ కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో దాన్ని ఆర్‌జీబీకి మార్చండి.

6. ఆట లోపల వీడియో సెట్టింగ్స్‌లోనూ 120 పెట్టాలి, ఫ్రేమ్ లిమిట్ ఉంటే తీసేయాలి.

7. నిజంగా వస్తోందా? కొన్ని 60 హెర్ట్జ్ టీవీలు 120 సిగ్నల్ తీసుకుని, ఫ్రేమ్ విడిచి ఫ్రేమ్ పారేస్తాయి. విండోస్ మాత్రం 120 అనే చూపిస్తుంది. బ్రౌజర్‌లో టెస్ట్‌యూఎఫ్‌ఓ అనే సైట్‌లోని ఫ్రేమ్ స్కిప్పింగ్ పరీక్ష తెరిచి, ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ సెకనులో పదో వంతుకు పెట్టి ఫొటో తీయండి. వెలిగిన గళ్లు ఒకదాని పక్కన ఒకటి ఖాళీ లేకుండా పడితే 120 వస్తున్నట్టే. మధ్యలో నల్లగళ్లు కనిపిస్తే 60కి తిరిగి వెళ్లి, గేమ్ మోడ్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి, బటన్ నొక్కాక వచ్చే ఆలస్యమైనా తగ్గుతుంది.