మ్యాపులో కనబడని నది: నా అనుభవం

భూమి లోపల పూడిపోయిన ఓ పాత నది పాయను వెతుకుతున్నాను. బావి లాగ్‌లో (తవ్విన బావిలో లోతు వారీగా తీసిన రాళ్ల కొలతల రికార్డు) 15 మీటర్ల ఇసుకరాయి స్పష్టంగా ఉంది. సైస్మిక్ ఆంప్లిట్యూడ్ మ్యాపులో (భూమిలోకి పంపిన తరంగాలు ఎంత బలంగా తిరిగొచ్చాయో చూపే మ్యాపు) మాత్రం అక్కడక్కడా మచ్చలే తప్ప నది జాడ లేదు. రెండు వారాలు డేటా ప్రాసెసింగ్‌నే అనుమానించాను.

ముందే లెక్క వేసుకోవాల్సింది. ఆ లోతులో తరంగ వేగం సెకనుకు 3000 మీటర్లు, ప్రధాన ఫ్రీక్వెన్సీ 30 హెర్ట్జ్. అంటే తరంగదైర్ఘ్యం 100 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 25 మీటర్లకన్నా పొర పలచనైతే పైభాగం, అడుగుభాగం విడిగా కనిపించవు.

అసలు తప్పు ఇంకోటి. నేను గీసిన హొరైజన్ (సైస్మిక్ డేటాలో ఒక పొర హద్దు వెంట గీసే ఉపరితలం) నది పొరకు సమాంతరంగా లేదు, దాన్ని ఏటవాలుగా కోస్తోంది. పైనా కిందా నమ్మదగిన రెండు హొరైజన్లు తీసుకుని, మధ్య భాగాన్ని మందానికి తగ్గ నిష్పత్తిలో స్లైసులు చేశాను. మూడో స్లైసులోనే మెలికలు కనిపించాయి!

తర్వాత స్పెక్ట్రల్ డీకంపొజిషన్, అంటే సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీల వారీగా విడదీయడం. 20, 35, 50 హెర్ట్జ్‌లను ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా కలిపాను. ఆ వేగంతో 15 మీటర్ల పొర 50 హెర్ట్జ్ దగ్గర బలంగా స్పందిస్తుంది కాబట్టి పాయ నీలంగా తేలింది. విండో (ఒక్కోసారి విశ్లేషించే సిగ్నల్ ముక్క) పొడవుగా పెడితే పక్క పొరలూ చేరి రంగులు అలుక్కుపోయాయి. మరీ చిన్నదైతే ఫ్రీక్వెన్సీలు విడిపోవు. నాలుగైదు సార్లు మార్చి చూడక తప్పలేదు.

అయినా టెన్షన్ పోలేదు. బురద నిండిన పాయ కూడా ఇలాగే మెలికలు తిరుగుతుంది మరి! అందుకే ఇన్వర్షన్ చేసి, అంటే సైస్మిక్ డేటా నుంచి ఇంపీడెన్స్ (రాతి సాంద్రత, తరంగ వేగాల లబ్ధం) లెక్కగట్టి, బావుల్లోని ఇంపీడెన్స్‌తో పోల్చాకే ఇసుక భాగాన్ని గుర్తించాను. బురదదని తేలిన పడమటి పాయను మ్యాపులోంచి తీసేశాను.