పీఎం కిసాన్ పేరుతో వచ్చిన ఏపీకే ఫైలు నొక్కేశారా? వెంటనే ఏం చేయాలి?

కళ్యాణదుర్గం వైపు ఒక ఊరి వాట్సాప్ గ్రూపులో 'పీఎం కిసాన్' అని ఒక ఫైలు పడిందనుకోండి. పంపింది మన మామే, పేరు కనిపిస్తోంది కదా అని నొక్కేస్తాం. మామకు ఆ సంగతే తెలియదు, ఆయన ఫోన్‌లో దూరిన దొంగలు ఆయన వాట్సాప్ నుంచే అందరికీ పంపుతుంటారు. ఫైలు పేరు చివర 'ఏపీకే' (.apk) అని ఉంటే అసలు ముట్టుకోకండి, అది ఫోన్‌లోకి యాప్‌ను ఎక్కించే ఫైలు. పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే 6000 రూపాయలు మూడు విడతలుగా నేరుగా ఖాతాలోనే పడతాయి, దానికోసం వాట్సాప్‌లో యాప్ పంపరు. చలానా, పెళ్లి పత్రిక పేరుతో వచ్చేవీ ఇదే బాపతు.

ఇన్‌స్టాల్ కూడా అయిపోయిందా? యాప్ తీసేస్తే చాలనుకోకండి. అది మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది, మనం 'అలో' కొట్టగానే బ్యాంకు ఓటీపీలు వాళ్లకు వెళ్లిపోతుంటాయి.

అందుకే ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆపండి. సిమ్ తీసి ఇంట్లో ఉన్న కీప్యాడ్ ఫోన్‌లో వేస్తే ఓటీపీలు ఇక అందులోకే వస్తాయి. దాంట్లోంచే ##002# కొట్టండి, మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లించి ఉంటే రద్దవుతాయి.

తర్వాత బ్యాంకు. నంబరు గూగుల్‌లో వెతకొద్దు, అక్కడా నకిలీ కస్టమర్ కేర్‌లున్నాయి, ఏటీఎం కార్డు వెనక ఉన్నదానికే చేయండి. కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ అన్నీ ఆపించి ఫిర్యాదు నంబరు రాసుకోండి. తప్పు మనదే అయినా, బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయే డబ్బు బ్యాంకే భరించాలని 2017లో ఆర్‌బీఐ నిబంధన పెట్టింది. డబ్బు అప్పటికే పోయి ఉంటే ఆ నిమిషంలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, రేపు అనంతపురం వెళ్లి స్టేషన్‌లో ఇద్దాంలే అని ఆగితే అది ఖాతాలు మారిపోయి చేతికి దొరకదు.

ఇప్పుడు ఫోన్ సంగతి. పవర్ ఆఫ్ గుర్తును కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్ వస్తుంది, అందులో మనం వేసుకున్న యాప్‌లు పని చేయవు. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా మొత్తం చూడండి, ఎందుకంటే ఐకాన్ దాక్కుని ఉండొచ్చు. అన్‌ఇన్‌స్టాల్ పని చేయకపోతే సెట్టింగ్స్‌లోనే ఉండే డివైస్ అడ్మిన్, యాక్సెసిబిలిటీ రెండింట్లోనూ దాన్ని ఆఫ్ చేసి మళ్లీ ప్రయత్నించండి. ఇంకా అనుమానంగా ఉంటే ఫొటోలు వేరే చోట దాచుకుని, ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే మేలు. పాస్‌వర్డ్‌లు, పిన్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి.

వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి తెలియనివన్నీ లాగౌట్ చేయండి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. మీ పేరుతో ఫైలు వెళ్లిన ప్రతి గ్రూపులో తెరవొద్దని చెప్పండి, చదవడం రాని పెద్దవాళ్లకైతే ఫోన్ చేసే చెప్పండి.