బీపీ మిషను కట్టుకునే ముందు నరాలు కుదుటపడాలి

విడవలూరు దగ్గర మాకు రెండు రొయ్యల గుంటలున్నాయి. రాత్రి రెండింటప్పుడు కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు ఆగిందంటే చాలు, ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటా. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి పంట మిగలదు. పోయినేడు అలాగే పరిగెత్తి జనరేటర్ వేసొచ్చి, ఆ రొప్పుతోనే బీపీ చూసుకున్నా. 172/100. ఇంట్లో అందరూ హడలిపోయారు. అరగంట ఊరుకుని మళ్ళీ చూస్తే 148/90.

రెండూ నిజమే. భయం వేయగానే మెదడు సింపథెటిక్ నరాలను, అంటే ఆపదకు ఒంటిని సిద్ధం చేసే నరాలను, రేపుతుంది. గుండె వేగం పెరుగుతుంది, సన్న రక్తనాళాలు బిగుసుకుంటాయి, అడ్రినలిన్ కారుతుంది. మెడ ధమనిలో ఒత్తిడిని పసిగట్టే నరాల కొసలున్నాయి, అవి మెదడుకు కబురు పంపితే బీపీ దిగుతుంది. ఏళ్ళ తరబడి బీపీ ఎక్కువే ఉంటే ఆ కొసలు పెద్ద అంకెకే అలవాటుపడిపోతాయి. పైగా ఈ సింపథెటిక్ నరాలు కిడ్నీలకూ పోతాయి. అవి అదేపనిగా రేగుతుంటే కిడ్నీల్లో రెనిన్ అనే రసాయనం ఊరి, ఉప్పూ నీరూ ఒంట్లో నిలబడతాయి. అందుకే "టెన్షన్ బీపీలే, అదే పోద్ది" అని ఎవరన్నా అంటే నాకు కడుపు మండుతుంది. మా నాయన అట్లే అనుకుని పక్షవాతం తెచ్చుకున్నాడు.

ఇప్పుడు నేను చూసుకునే పద్ధతి ఇది. టీ, కాఫీ, బీడీ, సిగరెట్ అరగంట ముందే ఆపాలి. ఒంటేలుకు పోయిరావాలి, మూత్రం బిగబట్టినా అంకె పెరుగుతుంది. వీపు ఆనేలా కుర్చీలో కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, కాళ్ళు మెలేసుకోకుండా ఐదు నిమిషాలు ఉండాలి. ఫోను పక్క గదిలో పెట్టేయండి. మేత ఏజెంటు ఫోను చేశాడంటే ఆ ఐదు నిమిషాలూ దండగే. పట్టీ చొక్కా మీద కాదు, ఒట్టి చేతికే కట్టాలి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఆనాలి. మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి చూడాలి. పొద్దున మాత్రలకు ముందు, సాయంత్రం ఒకసారి, ఇలా ఏడు రోజులు. మొదటిరోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో 135/85 గానీ అంతకుమించి గానీ ఉంటే ఈ అంకెలు రాసుకున్న పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

రోజూ పది నిమిషాలు నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున నెమ్మదిగా పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలడం నాకు బాగా పనిచేసింది. అది నరాల బిగువు తగ్గిస్తుంది, అంతేగానీ మాత్రలకు బదులు కాదు. ఎండు చేపలు, ఆవకాయ తగ్గించడం మా ఇంట్లో కష్టమే అయింది, అయినా తగ్గించాం. గట్టిగా గురక పెట్టేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, నిద్రలో ఊపిరి ఆగినప్పుడల్లా ఈ నరాలే రేగుతాయి.

అటెనొలాల్, మెటోప్రొలాల్, క్లోనిడిన్ లాంటి మాత్రలు ఈ నరాల జోరుకే అడ్డుకట్ట. బీపీ దిగింది కదా అని ఒక్కసారిగా మానేస్తే ఎగదన్నుతుంది. 180/120 దాటి, గుండెనొప్పో ఆయాసమో మాట తడబడటమో ఉంటే మళ్ళీ చూసుకుంటూ కూర్చోవద్దు, 108కి ఫోను చేయండి.

నా పుస్తకంలో అంకెల పక్కన ఇంకో గడి గీసుకున్నా. "రాత్రి కరెంటు పోయింది", "నిద్ర లేదు", "మేత బాకీ" అని రాసుకుంటా. డాక్టరుగారు అంకెల కంటే ముందు ఆ గడే చూస్తారు.