సైన్యం వెళ్లిపోయే ఒప్పందాన్ని ఎలా చదవాలి

ఉపసంహరణ ఒప్పందం చేతికివ్వగానే నా విద్యార్థులు ముందు తేదీ చూస్తారు. దాన్ని పెన్సిల్‌తో కొట్టేయమంటాను. పరాయి గడ్డ మీద పాగా వేసిన సైన్యం వెళ్లాల్సిందే, అందులో పేచీ లేదు. ఎలా వెళ్తోందన్నదే చూడాలి.

మొదట దుభాషీని వెతకండి. ఆ సైన్యానికి దారి చూపినవాళ్లు, మాట తర్జుమా చేసినవాళ్లు ఏ పేజీలో ఉన్నారు? ఎవరు తీసుకెళ్తారు, ఎప్పటిలోపు? 'ప్రతీకారం ఉండదు' అన్న వాక్యం కనిపిస్తే దాని చుట్టూ సున్నా చుట్టండి. అల్జీరియా యుద్ధాన్ని ఆపడానికి ఫ్రాన్స్, అక్కడి స్వాతంత్ర్య యోధులు 1962 మార్చిలో చేసుకున్న ఎవియాన్ ఒప్పందంలోనూ అలాంటి హామీ ఉంది. అల్జీరియాలో ఫ్రాన్స్ పక్షాన పోరాడిన స్థానికులైన హర్కీలను సొంతంగా వెంట తేవద్దని మే నెలలో పారిస్ తన అధికారులకే ఆదేశాలిచ్చింది. కొందరు అధికారులు వాటిని పెడచెవిన పెట్టి తమవాళ్లను ఓడ ఎక్కించారు. మిగిలిపోయినవాళ్లలో వేలమందిని చంపేశారు. సముద్రం దాటినవాళ్లలో చాలామందిని శిబిరాల్లో పెట్టారు. 2021 సెప్టెంబర్ 20న ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ హర్కీలను క్షమాపణ అడిగారు. కాబూల్ నుంచి చివరి అమెరికా సైనిక విమానం లేచి అప్పటికి మూడు వారాలే! అక్కడా విమానాశ్రయం గేటు బయట మురుగు కాలవలో దిగి, కాగితాలు పైకెత్తి చూపించినవాళ్లలో దుభాషీలున్నారు. (అది ఆక్రమణా, వలసా, ఆహ్వానమా అని పేరు దగ్గరే ఆగిపోకండి.)

తర్వాత తాళంచెవులు. నిజంగా తాళంచెవులే. 2021 జులైలో ఆఫ్ఘనిస్తాన్‌లోని బగ్రామ్ వైమానిక స్థావరాన్ని అమెరికా సేన రాత్రికి రాత్రి ఖాళీ చేసింది. కొత్త ఆఫ్ఘన్ కమాండర్‌కు రెండు గంటల తర్వాతగానీ తెలియలేదు. వదిలేసిన వేల వాహనాల్లో చాలావాటికి తాళంచెవులు లేవు. ఎవరు ఎవరికి, ఏ రోజు, ఏం అప్పగిస్తారో రాసి ఉందా? మందుపాతరల మ్యాపులు కూడా ఇందులోకే వస్తాయి.

జీతాల సంగతీ చూడండి. సైన్యం వెళ్లాక అక్కడి ప్రభుత్వాన్ని నడిపే డబ్బు ఎవరిస్తారు? సోవియట్ సేన 1989 ఫిబ్రవరి 15న వెళ్లాక కూడా ఆఫ్ఘనిస్తాన్‌లో అది నిలబెట్టిన నజీబుల్లా ప్రభుత్వం మూడేళ్లు నిలబడింది. మాస్కో సాయం ఆగిపోయాక, 1992 ఏప్రిల్‌లో పడిపోయింది.

ఒకమ్మాయి అడిగింది: "సార్, ఇవన్నీ అయ్యేదాకా ఆగమంటే వాళ్లు ఎప్పటికీ వెళ్లరు కదా?" నిజమే, 'పరిస్థితులు అనుకూలిస్తే' అన్న మాట అలాంటి సాకే. అందుకే కొట్టేసిన తేదీని ఇప్పుడు పెన్నుతో మళ్లీ రాయిస్తాను. 1971 డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సేన భారత, బంగ్లాదేశ్ బలగాలకు లొంగిపోయింది. 1972 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ ప్రధాని ముజిబ్, మన ప్రధాని ఇందిర కలకత్తాలో కూర్చుని, బంగ్లాదేశ్‌లో ఉన్న భారత సైన్యం వెనక్కి రావడానికి మార్చి 25 గడువు పెట్టుకున్నారు. మార్చి 12నే ఢాకాలో వీడ్కోలు కవాతు జరిగింది.