వాకాన్‌గా జట్టులో చేరే ముందు జాగ్రత్తలు

అమెరికాలో కాలేజీ కోచ్ ఫోన్ చేసి మీవాణ్ణి ‘ప్రిఫర్డ్ వాకాన్’గా రమ్మన్నాడా? సంతోషమే. స్వీట్లు పంచేముందు ఇవి చూసుకోండి.

- వాకాన్ అంటే క్రీడా స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరేవాడు. ‘ప్రిఫర్డ్’ అన్నమాటకు అర్థం జట్టులో చోటిస్తానని మాత్రమే; డబ్బిస్తానని కాదు. ‘వచ్చే ఏడాది స్కాలర్‌షిప్ చూద్దాం’ అంటే కాగితం మీద అడగండి. అది రాకపోతే నాలుగేళ్ల ఫీజూ మనదే అనుకుని లెక్క వేసుకోండి.

- 2025-26 నుంచి హౌస్ సెటిల్‌మెంట్‌లో (కాలేజీ ఆటగాళ్ల కేసులో కుదిరిన కోర్టు రాజీ) చేరిన డివిజన్ 1 (కాలేజీ క్రీడల్లో పైస్థాయి) కాలేజీల్లో స్కాలర్‌షిప్పుల లెక్క మీద పరిమితి పోయి, జట్టు సైజు మీద పరిమితి వచ్చింది: అమెరికన్ ఫుట్‌బాల్‌కు 105, బేస్‌బాల్‌కు 34, టెన్నిస్‌కు 10. పదిమందిలో పదోవాడు మనవాడైతే, వేరే కాలేజీ నుంచి ట్రాన్స్‌ఫర్ మీద ఒక్కడొచ్చినా చోటు గల్లంతే. పోయినేడు ఎంతమంది వాకాన్లను తీసేశారో మొహమాటపడకుండా అడగండి. కోచ్ నీళ్లు నమిలితే జవాబు దొరికినట్టే.

- ఐవీ లీగ్‌లో (హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది యూనివర్సిటీలు), డివిజన్ 3లో (కాలేజీ క్రీడల్లో కిందిస్థాయి) క్రీడా స్కాలర్‌షిప్పులే ఉండవు.

- మెరిట్ స్కాలర్‌షిప్ ఉంటే, అది నిలబడాలంటే ఎంత జీపీఏ కావాలో చూడండి. తెల్లవారకముందే ప్రాక్టీసు, ఎనిమిదింటికి కెమిస్ట్రీ ల్యాబ్!

- ఇండియా నుంచి ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వెళ్తుంటే, ఐ-20 (వీసాకు కాలేజీ ఇచ్చే పత్రం) కోసం మొదటి ఏడాది ఖర్చుకు డబ్బు చూపించాలి. కోచ్ హామీ బ్యాంకు స్టేట్‌మెంట్ కాదు.

- ఆట పోయినా ఆ కాలేజీలోనే చదువుతావా అని వాణ్ణే అడగండి.