కోతలకు ముందే కాంటా గదిలోకి ఒకసారి వెళ్లి రండి

దసరా దాటిందంటే సాగర్ ఎడమ కాలువ కింద కోత యంత్రాలు పొలాల్లోకి దిగుతాయి. ఆపైన కొద్ది రోజులకే నల్గొండ నుంచి తిప్పర్తి, వేములపల్లి మీదుగా మిర్యాలగూడ వెళ్లే రోడ్డు మీద వడ్ల ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఆ బారు కదలకపోతే కొందరు మిల్లు యజమానిని తిట్టుకుంటారు, కొందరు హమాలీలను. నేను మాత్రం కాంటా గదిలోని కంప్యూటర్‌ను అనుమానిస్తాను. ఇరవై ఏళ్లుగా ఆ గదుల్లో పాత పెట్టెలు విప్పి బిగిస్తూ బతుకుతున్నవాణ్ని, అనుమానం నా కూడు.

మిల్లు మొత్తంలో అతి పాత కంప్యూటర్ ఎక్కడుందో తెలుసుకోవాలంటే నేరుగా కాంటా గదికి, అంటే బండిని సరుకుతో సహా తూచే వేబ్రిడ్జి గదికి వెళ్లాలి. ఆఫీసులో కొత్తది కొన్నప్పుడల్లా పాతది అక్కడికి చేరుతుంది. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ఆపేసింది. కాంటా గదిలోని పెట్టెకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, అది పనిచేస్తూనే ఉంది. అందుకు నేను తప్పుపట్టను. చిక్కు ఆ పెట్టె పాతబడటంలో కాదు, దానికి తగిలించేవన్నీ కొత్తవి అవుతుండటంలో ఉంది. ప్రింటర్ పోతుంది, కొత్తది వస్తుంది. తీగ తెగుతుంది, కొత్త రకం తీగ వస్తుంది. ఏదో ఒక రోజు వాటిలో ఒకటి ఈ పెట్టెను గుర్తుపట్టదు. ఏడాదిలో మిగతా నెలలు అక్కడ పెద్దగా పని ఉండదు కాబట్టి, ఆ రోజు కచ్చితంగా కోతల నెలలోనే వస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక మిల్లులో దీపావళికి ముందు రోజు యజమాని అల్లుడు మంచి మనసుతోనే కొత్త కంప్యూటర్ తెచ్చి కాంటా గదిలో పెట్టాడు. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. పాత రికార్డులు కనిపించాయి. కొబ్బరికాయ కొట్టి మిఠాయి పంచారు. సాయంత్రం మొదటి బండి ఎక్కితే ఇండికేటర్ మీద బరువు కనిపిస్తోంది, కంప్యూటర్ తెర మీద సున్నా. నన్ను పిలిచేసరికి రోడ్డు మీద ముప్పై ట్రాక్టర్లు, అన్నింట్లో పచ్చి వడ్లు. బండిలో ఆగిన పచ్చి వడ్లు లోపల వేడెక్కుతాయి, పైన ఆరి తూకం తగ్గుతాయి. రెండింట్లో ఏది జరిగినా పోయేది రైతు సొమ్మే. అప్పటినుంచి నా దగ్గర ఒకటే నియమం: మార్చదలచుకుంటే కోతలకు నెల ముందు మార్చండి, లేదా చివరి లారీ వెళ్లిపోయాక మార్చండి. నడుమ మాత్రం వద్దు. పత్తి జిన్నింగ్ మిల్లుల వేబ్రిడ్జిలకు కూడా ఇదే వర్తిస్తుంది.

తూచేది వేరు, రాసేది వేరు

ముందు ఈ తేడా తెలియాలి. బండి నిలిచే పళ్లెం కింద బరువును పసిగట్టే లోడ్‌సెల్స్ ఉంటాయి. వాటి సంకేతాన్ని అంకెగా మార్చి చూపేది ఇండికేటర్. అదే కాంటా. కంప్యూటర్ కేవలం గుమస్తా. ఇండికేటర్ వెనుక నుంచి ఆర్‌ఎస్-232 అనే సీరియల్ తీగ మీదుగా అంకెలు వస్తుంటే అది రాసుకుంటుంది, నిండు బండి బరువు (గ్రాస్) లోంచి ఖాళీ బండి బరువు (టేర్) తీసి సరుకు బరువు (నెట్) వేస్తుంది, చీటీ కొడుతుంది. కాబట్టి తెర మీద సున్నా వచ్చినంత మాత్రాన కాంటా చెడినట్టు కాదు. కంగారులో ఎవరూ ఇండికేటర్ విప్పకండి. దాని మీద తూనికలు కొలతల శాఖ సీలు ఉంటుంది, అది తెగితే కంప్యూటర్ బాగుపడినా కాంటా నడపడానికి వీల్లేదు.

ఆ రాత్రి దోషం ఆ సీరియల్ తీగ దగ్గరే దొరికింది. పాత కంప్యూటర్ వెనుక తొమ్మిది సూదుల పోర్టు ఉండేది, కొత్తదానికి లేదు. దుకాణంలో యూఎస్‌బీ కన్వర్టర్ అడిగి తెచ్చి తగిలించారు. ఈ కన్వర్టర్లలో ఎక్కువగా కనిపించేది ప్రోలిఫిక్ కంపెనీ పీఎల్-2303 చిప్. దాని పాత రకాలకు, వాటిని చూసి చేసిన నకిలీలకు ఆ కంపెనీ కొత్త డ్రైవర్లు, అంటే పరికరాన్ని విండోస్‌కు పరిచయం చేసే ప్రోగ్రాంలు, పనిచేయవు. విండోస్ 11లో అయితే పరికరాల జాబితాలోనే ‘ఈ చిప్ 2012 నుంచి ఆగిపోయింది, అమ్మినవారిని అడగండి’ అనే అర్థంతో ఒక వాక్యం వస్తుంది. ఎఫ్‌టీడీఐ అనే మరో కంపెనీ ఇంకో అడుగు ముందుకు వేసింది. 2014 అక్టోబరులో వచ్చిన దాని డ్రైవర్ నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యనే సున్నా చేసేసింది, తరువాత ఏ కంప్యూటర్‌కు తగిలించినా అవి పలకలేదు. కోపం నకిలీ చేసినవాడి మీద, దెబ్బ కొన్నవాడి మీద.

అందుకని కన్వర్టర్ కొనేముందు కొత్త కంప్యూటర్ మదర్‌బోర్డు పుస్తకం తిరగేయండి. వెనుక పోర్టు లేకపోయినా చాలా బోర్డుల లోపల ‘కామ్’ అని రాసి ఉన్న సూదుల వరుస ఉంటుంది. దానికి తగిలించే బ్రాకెట్ ఉంటే కన్వర్టర్ గోలే లేదు. ఆ బ్రాకెట్లలో తీగల అమరిక రెండు రకాలుగా ఉంటుంది, బోర్డుకు సరిపోయేదే అడగండి. బోర్డులో అదీ లేకపోతే లోపల బిగించే సీరియల్ కార్డు దొరుకుతుంది. ఇవేవీ కుదరనప్పుడే అసలైన చిప్ ఉన్న కన్వర్టర్. అది కూడా ఒకటి కాదు, రెండు కొని రెండింటినీ పరీక్షించి ఒకటి సొరుగులో పెట్టండి. ఏ యూఎస్‌బీ రంధ్రంలో పెట్టారో అక్కడ గోరింత రంగు పూయండి. రంధ్రం మారితే పోర్టు నంబరు మారవచ్చు, సాఫ్ట్‌వేర్ పాత నంబరు దగ్గరే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఇంకో చిన్న సంగతి. కరెంటు ఆదా పేరుతో ఖాళీగా ఉన్న యూఎస్‌బీ పరికరాన్ని విండోస్ నిద్రపుచ్చుతుంది. అర్ధరాత్రి గంటసేపు బండి రాక, తరువాత వచ్చిన లారీకి బరువు రాకపోతే మొదట ఆ అమరికను ఆపి చూడండి.

పాత కంప్యూటర్ ఆపేముందు ఇండికేటర్ అంకెలు పంపే వేగం, పారిటీ, డేటా బిట్ల సంఖ్య ఎంత పెట్టి ఉందో ఫోనుతో ఫొటో తీసుకోండి. ఒక్కటి తప్పినా అంకెల బదులు పిచ్చిగీతలు వస్తాయి. ఫొటో లేక నేను గంటల తరబడి ఊహించుకుంటూ కూర్చున్న రోజులు ఉన్నాయి.

తేదీ చేసే మోసం

అన్నింటికంటే నాకు భయం వేసేది ఇదే, ఎందుకంటే ఇది కనబడదు. మన వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్‌లు చాలావరకు విజువల్ బేసిక్ 6 అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసి, లెక్కలను యాక్సెస్ ఫైల్‌లో దాచేవి. అవి విండోస్ 11లో కూడా నడుస్తాయి, అవసరమైన ఓసీఎక్స్ ఫైళ్లు, అంటే వాటికి తోడుండే చిన్న భాగాలు, ఉంటే చాలు. సీరియల్ పోర్టుకు కావలసిన ఎంఎస్‌కామ్32 వాటిలో ముఖ్యం. కానీ కొత్త కంప్యూటర్ తరచూ అమెరికా పద్ధతి తేదీతో వస్తుంది: ముందు నెల, తరువాత రోజు. సాఫ్ట్‌వేర్ రాసినవాడు మన పద్ధతి అనుకుని రాశాడు. నవంబరు 5న తూచిన బండి మే 11 కింద పడుతుంది. 12వ తేదీ వరకు ఇలాగే సాగుతుంది. 13 నుంచి, పదమూడో నెల లేదు కాబట్టి, తేదీ దానంతట అదే సరైపోతుంది. ఎవరికీ అనుమానం రాదు. నెలాఖరులో రైతుల లెక్క తీస్తే మొదటి పన్నెండు రోజుల బండ్లు దాదాపు ఏవీ దొరకవు. ప్రాంతీయ అమరికల్లో భారతదేశం ఎంచుకుని, తేదీ ముందు రోజు, తరువాత నెల వచ్చేలా పెట్టి, ఒక ఉత్తుత్తి చీటీ కొట్టి, నివేదికలో అది ఏ నెల కింద చేరిందో చూడండి.

తేదీకే సంబంధించిన మరో మాట. పెట్టె ఆపి తెరిచినప్పుడల్లా గడియారం ఏళ్ల వెనక్కి వెళ్తోందా? మదర్‌బోర్డు మీద సీఆర్2032 బటన్ సెల్ అయిపోయింది. రెండు మూడు టీల ఖర్చు. మార్చకపోతే చీటీల మీద పాత తేదీ పడుతుంది. బ్రౌజర్ కూడా వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లవని తలుపు మూస్తుంది. నెట్ పాడైందని మోడెం మార్చినవారిని చూశాను.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ను మిల్లులు వదలవు, వదలకూడదు కూడా. కార్బన్ పెట్టి మూడు కాపీలు ఒక్కసారే కొట్టాలంటే సూదితో గుద్దే యంత్రమే కావాలి. దాని పాత ప్యారలల్ పోర్టు కొత్త కంప్యూటర్లకు ఉండదు. యూఎస్‌బీ తీగ తగిలిస్తే విండోస్ దాన్ని వేరే పోర్టుగా చూస్తుంది, పాత ప్రోగ్రాం మాత్రం ఆ ప్యారలల్ పోర్టుకు, అంటే ఎల్‌పీటీ1కే పంపుతుంది. ప్రింటర్‌ను షేర్ చేసి, ‘నెట్ యూజ్’ ఆదేశంతో ఎల్‌పీటీ1ను దానివైపు మళ్లిస్తే చాలాసార్లు పని జరుగుతుంది. ఫాక్స్‌ప్రో కాలపు డాస్ ప్రోగ్రాం వాడుతున్నవారికి ఇది చాలదు. 64 బిట్ల విండోస్‌లో 16 బిట్ల ప్రోగ్రాంలు అసలు తెరుచుకోవు, విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు. మీది ఆ రకమైతే ఈ ఏడాది పాత పెట్టెనే కాపాడుకోండి, కోతలయ్యాక కొత్త సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించండి.

పాతదాన్నే ఉంచుకునేవారికి

నా సలహా చాలామందికి ఇదే. పాత పెట్టెను ఉంచండి, కానీ దానికి ఒక్క పనే అప్పగించండి, ఇంటర్నెట్ తీగ పీకేయండి. విండోస్ 7కు పనికొచ్చే చివరి క్రోమ్ 109వది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 ఉండాల్సిందే. అలాంటి పెట్టె మీద బ్యాంకు పని, ఈ-వే బిల్లు చేయడమంటే గడియ లేని గదిలో గల్లాపెట్టె పెట్టుకోవడమే. ఆ పనులకు ఆఫీసులో మరొకటి ఉండాలి.

రెండింటినీ నెట్‌వర్క్‌లో కలపాలని చూస్తే, ఎక్స్‌పీలోని ఫోల్డర్ కొత్త కంప్యూటర్‌కు కనిపించదు. 2017 చివరి నుంచి కొత్తగా వేసిన విండోస్‌లో ఫోల్డర్లు పంచుకునే ఎస్‌ఎంబీ1 అనే పాత పద్ధతి తనంత తాను రాదు. దాన్ని మళ్లీ తెరవడం ఎలాగో చెప్పే వీడియోలు కొల్లలు. తెరవకండి. అదే ఏడాది మేలో వానాక్రై అనే హానికర ప్రోగ్రాం ప్రపంచమంతటా ఫైళ్లకు తాళాలు వేసింది ఆ దారిలోనే. లెక్కలను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. ఎక్స్‌పీ కోసమైతే పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేయండి. ఆ ఒక్క పెన్‌డ్రైవ్ ఆ పనికే, పాటలకూ పెళ్లి ఫొటోలకూ కాదు. రోజూ రాత్రి సాఫ్ట్‌వేర్ మూసి, ఆ తరువాతే డేటా ఫైల్ కాపీ చేయండి. తెరిచి ఉండగా తీసిన కాపీ అవసరమైనప్పుడు తెరుచుకోకపోవచ్చు. కోతలకు ముందే హార్డ్‌డిస్క్ మొత్తాన్ని మరో డిస్క్‌కు క్లోన్ (అచ్చంగా నకలు) చేయించి, ఆ రెండో డిస్క్‌తో ఒక పూట నడిపి చూడండి. కొన్ని సాఫ్ట్‌వేర్‌ల లైసెన్సు డిస్క్ నంబరుకు ముడిపడి ఉంటుంది, ఆ సంగతి ఇప్పుడే బయటపడాలి.

కొత్త కంప్యూటర్ పెట్టుకున్నవారు సీజన్ మొదలవగానే విండోస్ అప్‌డేట్‌లను తాత్కాలికంగా ఆపండి, 35 రోజుల వరకు వీలవుతుంది. సీజన్ అయ్యాక మళ్లీ తెరవడం మరవకండి. వైఫై లేదా ఫోను హాట్‌స్పాట్ పాత ల్యాప్‌టాప్‌కు కనిపించకపోతే అది 5 గిగాహెర్ట్జ్‌లో ఉందేమో చూడండి, 2.4కు మారిస్తే కనిపిస్తుంది.

మిగిలింది చీపురు పని. ఊక దుమ్ము ఫ్యాన్‌లో గూడు కడుతుంది, ఫ్యాన్‌ను వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి. ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోయండి. ఉరుములు మొదలైతే బండి దింపి, కంప్యూటర్ ఆపి, ప్లగ్గుతో పాటు సీరియల్ తీగ కూడా తీసేయండి. పిడుగు తాకిడి లోడ్‌సెల్ తీగల మీదుగా కూడా వస్తుంది.

ఇవన్నీ అయ్యాక మిల్లు ట్రాక్టర్‌నే ఖాళీగా ఒకసారి, బస్తాలతో ఒకసారి ఎక్కించి, చీటీ కొట్టి, నెలవారీ నివేదిక దాకా తీసి చూడండి. రాత్రిపూట కాంటా దగ్గర కూర్చునే కుర్రాడితోనే చేయించండి, మీరు చేయకండి. కంప్యూటర్ మొరాయిస్తే ఇండికేటర్ అంకె చూసి, రైతుకు చూపించి రాసి ఇచ్చేందుకు వరుస నంబర్లున్న కార్బన్ చీటీ పుస్తకాలు రెండు అచ్చువేయించి అతని సొరుగులో పెట్టండి. పక్కనే పెన్ను, దారం కట్టి.