లింక్ అగ్రిగేషన్, వీలాన్ మార్పులకు ముందు జాగ్రత్తలు

లింక్ అగ్రిగేషన్ అంటే కొన్ని కేబుళ్లను కలిపి ఒకే లింకుగా వాడటం; వీలాన్ అంటే ఒకే నెట్‌వర్క్‌లో సంఖ్యతో విడదీసిన భాగం. వీటిని మార్చేముందు ఇవి చూసుకోండి.

సర్వర్‌కు కన్సోల్ దారి (ఆ లింకుతో పనిలేకుండా లాగిన్ అయ్యే మార్గం) విడిగా ఉందా? మార్చబోయే లింకు మీదుగానే లాగిన్ అయి పనిచేస్తే, ఒక్క తప్పు ఆదేశంతో మీరే బయట ఉండిపోతారు. ఆ విడి దారి లేకుండా పని మొదలుపెట్టకండి.

సిస్కో స్విచ్‌లోని ట్రంక్‌లో (పలు వీలాన్‌లను మోసే లింకులో) కొత్త వీలాన్ చేర్చేటప్పుడు ఆదేశంలో ‘యాడ్’ (add) అనే పదం మరవకండి. అది లేకపోతే పాత జాబితా చెరిగిపోయి కొత్త సంఖ్య ఒక్కటే మిగులుతుంది. మిగతా వీలాన్‌లన్నీ ఆగిపోతాయి. ఎంటర్ నొక్కేముందు రెండుసార్లు చదవండి.

ఎల్‌ఏసీపీలో (కేబుళ్లను జతచేయడానికి రెండు చివరలూ మాట్లాడుకునే పద్ధతిలో) కనీసం ఒక వైపైనా యాక్టివ్‌గా, అంటే తానే ముందు పలకరించేలా ఉండాలి. రెండూ పాసివ్ అయితే జత కుదరదు.

కేబుళ్లు రెండు వేర్వేరు స్విచ్‌లకు వెళ్తున్నాయా? వాటి మధ్య స్టాకింగ్ (రెండూ కలిసి ఒకే స్విచ్‌గా పనిచేయడం) గానీ, ఎమ్‌లాగ్ (విడి స్విచ్‌లుగా ఉంటూనే ఒకే జతను పంచుకోవడం) గానీ ఉండాలి.

ట్యాగ్ (వీలాన్ సంఖ్య గుర్తు) లేని ఫ్రేములు (డేటా ముక్కలు) ఏ వీలాన్‌లోకి వెళ్తాయో రెండు చివరలా సరిపోల్చండి.

చివరగా ఒక్కో కేబుల్‌ను తీసి, లింకు ఆగకుండా నడుస్తోందా అని చూడండి, అసలు పరీక్ష అదే.